బరువులెత్తే శాకాహారికి వే ప్రొటీన్ తప్పదా?

మీరు విజయనగరంలో జిమ్‌కు వెళ్తున్నారు, బరువు 70 కిలోలు, మాంసం, గుడ్లు తినరు, పాలు, పెరుగు తీసుకుంటారు. మొక్కల ప్రొటీన్‌తో కండ పట్టదని, వే (పాలు విరిచాక మిగిలే నీటి నుంచి తీసే ప్రొటీన్ పొడి) డబ్బా కొనక తప్పదని మీ కోచ్ చెప్పిన మాట ఎంతవరకు నిజమని అడిగారు. ఆయన మాటకు కొంత ఆధారం ఉంది కానీ, అంత ఖరాఖండీగా చెప్పదగినది కాదు.

కండరాల్లో కొత్త ప్రొటీన్ తయారీని ప్రేరేపించే అమైనో ఆమ్లాల్లో (ప్రొటీన్ వీటితోనే తయారవుతుంది) ల్యూసిన్ ముఖ్యమైనది. అది వే ప్రొటీన్‌లో సుమారు 10 శాతానికి పైగా ఉంటే, సోయాలోనూ బఠాణీలోనూ సుమారు 8 శాతం ఉంటుంది. పైగా వే త్వరగా జీర్ణమవుతుంది. అందుకే వ్యాయామం ముగిశాక కొన్ని గంటలపాటు మాత్రమే కొలిచే ప్రయోగాల్లో సాధారణంగా వే ప్రొటీన్‌దే పైచేయి. నెలల తరబడి సాధన చేశాక కండ ఎంత పెరిగింది, ఎంత బరువు ఎత్తగలుగుతున్నాం అన్నది వేరే లెక్క. 2015లో ఫ్రాన్స్‌లో 161 మంది యువకులపై 12 వారాలు జరిగిన అధ్యయనంలో బఠాణీ ప్రొటీన్ తీసుకున్నవారికీ వే తీసుకున్నవారికీ చేతి కండ మందంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అందులో బఠాణీ ప్రొటీన్ తయారీ సంస్థ ప్రమేయం ఉంది కనుక, 2021లో బ్రెజిల్ నుంచి వచ్చిన అధ్యయనానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అందులో పాలు కూడా ముట్టని శాకాహారులకు సోయా, మాంసాహారులకు వే ఇచ్చి, ఇరువర్గాలకూ రోజు మొత్తంలో కిలో శరీర బరువుకు 1.6 గ్రాముల ప్రొటీన్ అందేలా చూశారు. 12 వారాల తర్వాత కాలి కండ, బలం రెండింటిలోనూ ఇరువర్గాలూ సమానంగానే పెరిగాయి.

నేను వే కాన్సెంట్రేట్ (తక్కువగా శుద్ధి చేసిన రకం) వాడినప్పుడు కడుపు ఉబ్బరం తగ్గేది కాదు. అందులో మిగిలి ఉండే లాక్టోజ్ (పాలలోని చక్కెర) నాకు పడదు. ఇంకా శుద్ధి చేసిన, లాక్టోజ్ బాగా తక్కువగా ఉండే ఐసొలేట్ రకం ధర చూసి, బఠాణీ, బియ్యం ప్రొటీన్లు కలిపిన పొడికి మారాను. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, బఠాణీలో మిథియోనిన్ అనేది తక్కువ. మన పప్పన్నంలో లాగే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. మారిన తర్వాత స్క్వాట్‌లో గానీ డెడ్‌లిఫ్ట్‌లో గానీ నా ఎదుగుదల మందగించలేదు. మోతాదు మాత్రం పెంచుకోవలసి వచ్చింది: 25 గ్రాముల వే ప్రొటీన్‌లో ఉండే ల్యూసిన్ కావాలంటే బఠాణీ ప్రొటీన్ 32, 33 గ్రాములు పడుతుంది. రుచి సంగతి అడగకండి; నీళ్లలో కలిపితే గొంతు దిగదు కనుక నేను చోడి (రాగి) అంబలిలో కలుపుకొని, ఉల్లిపాయ నంజుకొని తాగుతాను. మీకు పాలు పడతాయి కాబట్టి ఈ తిప్పలు లేకుండా వే వాడుకోవచ్చు. అదీ పాల నుంచి వచ్చేదే.

అయితే డబ్బా కంటే ముందు పళ్లెం లెక్క చూడాలి. మామూలు మనిషికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెప్పే మోతాదు కిలోకు 0.83 గ్రాములు, బరువులెత్తే మీకు 1.6 చొప్పున రోజుకు 112 గ్రాములు కావాలి. పావు కిలో బియ్యం, 75 గ్రాముల కందిపప్పు, అర లీటరు పాలు పెరుగు, 50 గ్రాముల ఉలవలతో చేసిన గుగ్గిళ్లు కలిపితే 60 గ్రాములు కాస్త దాటుతాయి. మీల్ మేకర్ 50 గ్రాములు వండుకుంటే మరో 26 వరకు వస్తాయి. అక్కడి నుంచి మిగిలేది ఒక్క స్కూప్ లోటు మాత్రమే, అది వేతో పూడినా సోయాతో పూడినా మీ కండకు పెద్ద తేడా ఉండదు. (మన వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి అని చెప్పి మా జిమ్‌లో కొందరు వాదిస్తుంటారు. ఆయన రోజుకు ఎంత తినేవారో లెక్క లేకుండా ఆ వాదనతో ఏమీ తేలదు.)

కొనేటప్పుడు లేబుల్ మీద ప్రొటీన్ శాతంతో పాటు పదార్థాల జాబితా కూడా చదవండి. గ్లైసిన్, టారిన్ వంటివి విడిగా కలిపి ఉంటే, చౌక అమైనో ఆమ్లాలతో ప్రొటీన్ అంకె పెంచారేమోనని అనుమానించాలి. మొక్కల పొడుల్లో నేల నుంచి వచ్చే సీసం, కాడ్మియం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక, బయటి ప్రయోగశాలలో బ్యాచ్ వారీగా పరీక్ష చేయించిన సరుకే తీసుకోండి. మన జిల్లాలోని కొండవెలగాడ లిఫ్టర్ల మాదిరి పోటీలకు వెళ్లాలని ఉంటే ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే పొడిలో కల్తీగా వచ్చిన నిషిద్ధ పదార్థానికి కూడా క్రీడాకారుడే జవాబుదారీ.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. మీ వాళ్లది కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఉద్దానం ప్రాంతమైతే, ప్రొటీన్ పెంచే ముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకోండి. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకు ఈ మోతాదు హాని చేస్తుందనడానికి ఆధారం లేదు. ఇప్పటికే దెబ్బతిన్నవారికి మాత్రం ఎంత ప్రొటీన్ తినాలో నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) నిర్ణయించాలి. మీరు బరువులెత్తుతారని, క్రియాటిన్ (బలం కోసం జిమ్‌కు వెళ్లేవారు వాడే పొడి) వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు ముందే చెప్పండి, ఎందుకంటే ఆ కారణాల వల్ల కూడా క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు. ఫలితాలు సవ్యంగా ఉంటే మొదట మీల్ మేకర్, ఉలవలతో ఒక నెల గడిపి, లోటు ఎంత మిగిలిందో చూసుకొని అప్పుడు డబ్బా కొనండి.