ఎక్కడ చూసిన్రో రాయి

తమ్మీ,

మహబూబ్‌నగర్ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివిన. భాష బాగుంది. కానీ "ఇంటర్‌ల్యూకిన్-15 ఇస్తే నేచురల్ కిల్లర్ కణాలు హెచ్ఐవీని తుడిచిపెడతయి" అని రాసినవు చూడు, ఈ ఉత్తరం ముఖ్యంగ ఆ వాక్యం గురించే. ఇంటర్‌ల్యూకిన్-15 అంటే రోగనిరోధక కణాలను పెంచే ప్రొటీన్, నేచురల్ కిల్లర్ కణాలంటే వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణాలు. నల్లగొండ ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణిచిపెట్టే మందుల) సెంటర్‌ల మందులు తెచ్చుకొని రోజూ వేసుకునే మనిషి అది చదివి గోలీ ఆపేస్తే? కొన్ని వారాలల్లనే వైరస్ మళ్లీ రక్తంల పెరుగుతది.

తుడిచిపెట్టింది ఎక్కడ చూసిన్రు? ల్యాబ్ ప్లేట్లనా, కోతులనా, మనుషులనా? సైన్స్ రాసేటోళ్లు ప్రతి క్రియకూ ఈ జవాబు పెట్టాలె. పత్రికల డెస్కులల్ల మొదట ఎగిరిపోయేది ఈ ముక్కనే. "కోతులలో" అన్న మాట కోసేసి, పైన పెద్ద హెడ్డింగ్ పెడతరు. ఎన్నేండ్లైనా ఆ అలవాటు పోలే. అందుకని దాన్ని వాక్యం చివర తగిలించకు, కర్తను చెయ్యి: "ఏఆర్‌టీ మీదున్న కోతులకు ఎన్-803 ఇస్తే..." అప్పుడు కోసెయ్యడం కష్టం.

ఈ ఎన్-803 అనే మందు ఉత్త ఇంటర్‌ల్యూకిన్-15 కాదు. అందుల ఒక అమైనో ఆమ్లం మార్చి, దాని గ్రాహకంల ఒక ముక్కను, యాంటీబాడీ తోకను జోడించిన్రు. విడి ప్రొటీన్ రక్తంల తొందరగ కరిగిపోతది. పైగా శరీరంల వేరే కణం దాన్ని తన గ్రాహకం మీద పట్టుకొని నేచురల్ కిల్లర్ కణానికి అందిస్తది, అందుకే ఆ గ్రాహకం ముక్క కలిపిన్రు. ఈ మందును హెచ్ఐవీ ఉన్నోళ్లకు ఇచ్చి చూసిన, 2022ల అచ్చైన అమెరికాల మినెసోటా ట్రయల్ మొదటి దశది, కొద్దిమందితోనే, భద్రత చూసేటందుకు. డోసు కిలో బరువుకు 0.3 నుంచి 6 మైక్రోగ్రాములు. నువ్వు మిల్లీగ్రాములు అన్నవు, అంటే వెయ్యింతలు! సూది గుచ్చిన చోట దద్దుర్లు, లింఫ్ గ్రంథుల వాపు వచ్చినయి. అవి నీ వ్యాసంల లేవు. 2024ల అమెరికా ఈ మందును అనుమతించింది ఒక రకం మూత్రాశయ క్యాన్సర్‌కు, హెచ్ఐవీకి కాదు.

"కణాలు పెరిగినయి" అన్న దగ్గర కూడా ఆగు. ఇంటర్‌ల్యూకిన్-15 లాంటిదే అయిన ఇంటర్‌ల్యూకిన్-2ను హెచ్ఐవీ ఉన్నోళ్లకు ఇచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ 2009ల వచ్చినయి. సీడీ4 (హెచ్ఐవీ దాడి చేసే తెల్ల రక్తకణాల) లెక్క పెరిగింది, జబ్బులు, చావులు మాత్రం తగ్గలే. లెక్క వేరు, పని వేరు. చంపే శక్తిని కూడా తరచు కె562 అనే క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తరు. వాటి మీద "నేను మన కణాన్నే" అని చెప్పే హెచ్ఎల్ఏ గుర్తులు దాదాపు ఉండవు, కాబట్టి నేచురల్ కిల్లర్ కణాలు సులువుగ చంపుతయి. హెచ్ఐవీ సోకిన సీడీ4 కణం అంత సులువుగ చిక్కదు. వైరస్‌ది నెఫ్ అనే ప్రొటీన్ హెచ్ఎల్ఏ-ఏ, హెచ్ఎల్ఏ-బీ గుర్తులను దించేస్తది, హెచ్ఎల్ఏ-సీ, హెచ్ఎల్ఏ-ఈ గుర్తులను చాలావరకు వదిలేస్తది. ఆ మిగిలిన గుర్తులే నేచురల్ కిల్లర్ కణాన్ని ఆపుతయి. ఇక జన్యువుల నిద్రపోతున్న వైరస్ ఏ ప్రొటీనూ చూపదు. అప్పుడు ఈ కణాలు ఎన్ని పెరిగినా దేన్ని పట్టాలె? ఇంటర్‌ల్యూకిన్-15 ఆపకుండ ఎక్కువ రోజులిస్తే అవి అలసిపోతయి కూడా. వ్యాసానికి అసలు విషయం ఇదే, నువ్వు ఒక్క లైన్‌ల దాటేసినవు.

నీ వ్యాసంల మూడో పేరా తీసేసి మళ్లీ రాయి. "గోలీలు ఆపొద్దు" అన్నది హెడ్డింగ్ కిందనే పెట్టు. అచ్చుకు పంపే ముందు ఏఆర్‌టీ సెంటర్‌ల పనిచేసే కౌన్సిలర్‌కు చదివి వినిపించు, వాళ్లు ఎక్కడ ఆపి అడిగితే అక్కడ సవరించి నాకు పంపు.