పాల ధర ఎక్కడ తెగుతుంది? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాకు రెండు ముర్రా బర్రెలున్నాయి. రోజుకు పది లీటర్ల దాకా ఒక ప్రైవేటు డెయిరీ కేంద్రంలో పోస్తున్నాము. హన్మకొండ సూపర్‌మార్కెట్‌లో అదే డెయిరీ పెరుగు డబ్బాలకు ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని బోర్డు పెట్టిన నెలలోనే మా పాల రేటు తగ్గించారు. ఆ ఉచితం ఖర్చు మేమే భరిస్తున్నామా?
– ఒక మహిళా రైతు, పరకాల

జవాబు: రెండూ ఒకే నెలలో జరిగాయి కాబట్టి ఒకదానివల్లే మరొకటి జరిగిందని తేల్చలేము. చలికాలంలో బర్రెలు ఎక్కువగా ఈనడంవల్ల కేంద్రాలకు పాలు పోటెత్తినప్పుడు, పాలపొడి ధర పడిపోయినప్పుడు కూడా డెయిరీలు రేటు తగ్గిస్తాయి. అయినా మీ అనుమానాన్ని కొట్టిపారేయలేము. పెద్ద దుకాణం మీ దగ్గర పాలు కొనదు, డెయిరీ దగ్గర సరుకు కొంటుంది. కొనేటప్పుడు ఎక్కువ కమీషన్, ఎక్కువ రోజుల అప్పు, అమ్ముడుపోని సరుకును వెనక్కి తీసుకోవడం, ఆఫర్ ఖర్చులో వాటా వంటివి అడగగలదు. డెయిరీకి డీజిల్, కరెంటు, ప్యాకింగ్ ఖర్చులు తగ్గవు. తగ్గించగలిగినది సేకరణ కేంద్రంలో గోడకు అంటించిన రేటు చార్టు ఒక్కటే. (పెరుగు ఉచితంగా ఇచ్చే నెలలో దాణా బస్తా ధర తగ్గినట్టు మాత్రం నేనెక్కడా చూడలేదు.)

ఇదే మండలంలో పత్తి పండించే రైతుకు కనీసం కొంత వెసులుబాటు ఉంది. ధర నచ్చకపోతే పత్తిని కొన్నాళ్లు ఇంట్లో నిల్వ పెట్టుకోవచ్చు, మార్కెట్ ధర మద్దతు ధరకన్నా పడిపోతే కాటన్ కార్పొరేషన్ కేంద్రానికి తీసుకుపోవచ్చు. పొద్దున పిండిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోతాయి, సాయంత్రానికి పొదుగు మళ్లీ నిండుతుంది. కేంద్ర ప్రభుత్వం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పాలు లేవు. పాలకు కూడా మద్దతు ధర ప్రకటించాలన్న కోరిక న్యాయమైనదే. అయితే ఆ ధరకు కొనే సంస్థ ఊళ్లో లేనంతకాలం అది కాగితం మీది అంకెగానే మిగులుతుందని నా అభిప్రాయం. ఊళ్లో పాలు పోయడానికి రెండో కేంద్రం ఉందా లేదా అన్నదే, దుకాణం ఎంత పెద్దదన్న దానికన్నా, మీ రేటును ఎక్కువగా నిర్ణయిస్తుంది.

చార్టు మారకుండానే రేటు తగ్గే దారి కూడా ఒకటుంది కాబట్టి ఈ లెక్కను ఒకసారి చూసుకోండి. లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువు తూగుతాయి. కాబట్టి మీ 10 లీటర్లు 10.3 కిలోలు. వెన్న 6.5 శాతం ఉంటే అందులో దాదాపు 670 గ్రాముల వెన్న ఉన్నట్టు. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున ఇస్తున్నారని లెక్క కోసం అనుకుంటే మీకు సుమారు 535 రూపాయలు రావాలి. లీటర్లను కిలోల్లోకి మార్చకుండా లెక్క కడితే 520 రూపాయలే వస్తాయి. వెన్న శాతం కొలిచే మిషన్ 6.5కు బదులు 6.2 చూపిస్తే రోజుకు దాదాపు 25 రూపాయలు, అంటే లీటరుకు రెండున్నర రూపాయలు పోతాయి. అందువల్ల ప్రతి పూటా ఫ్యాటు (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం), బరువు మూడూ రాసిన చీటీ అడిగి తీసుకోండి. అనుమానం వస్తే అదే పాల నమూనాను మరో కేంద్రంలో పరీక్ష చేయించండి. కాంటా మీద అనుమానముంటే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: బ్రిటన్‌లో సూపర్‌మార్కెట్లను అదుపు చేయడానికి ప్రత్యేక అధికారి ఉన్నారని చదివాను. మన దగ్గర అలాంటి ఏర్పాటు ఎందుకు లేదు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఉన్నారు. పెద్ద సూపర్‌మార్కెట్లు తమ సరఫరాదారులతో ఎలా వ్యవహరించాలో చెప్పే నియమావళి అమలును చూడటానికి 2013లో ఆ పదవిని ఏర్పాటు చేశారు. అయితే ఆ నియమావళి దుకాణానికి నేరుగా సరుకు ఇచ్చేవారికే వర్తిస్తుంది. డెయిరీకి పాలు పోసే రైతు దాని పరిధిలోకి రాలేదు. ఆ లోటు తీర్చడానికి రైతుకూ పాల కొనుగోలుదారుకూ మధ్య జరిగే ఒప్పందాలపై 2024లో అక్కడ వేరే నిబంధనలు తెచ్చారు. ఆస్ట్రేలియాలో 2011లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ లీటరు పాలను ఒక డాలరుకే అమ్మడం మొదలుపెడితే మిగతావి అనుసరించాయి. ఆ ధర 2019 దాకా సాగింది. 2020 జనవరి 1 నుంచి అక్కడ పాడి రైతుల ఒప్పందాలకు తప్పనిసరి నియమావళి అమలవుతోంది. ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశం ప్రకారం త్వరగా పాడయ్యే సరుకుకు పెద్ద కొనుగోలుదారు 30 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి.

మన దేశంలో 2002 నాటి పోటీ చట్టంలోని 4వ సెక్షన్ అమ్మకంలోనే కాక కొనుగోలులో కూడా ఆధిపత్యాన్ని అడ్డం పెట్టుకుని అన్యాయమైన ధర రుద్దడాన్ని నిషేధిస్తుంది. అయితే ముందుగా ఆ సంస్థకు మార్కెట్‌లో ఆధిపత్యం ఉందని రుజువు కావాలి. తెల్లవారుజామున ఏజెంట్లు, కిరాణా కొట్లు పాల ప్యాకెట్లు పంచే మన పట్టణాల్లో ఏ ఒక్క సూపర్‌మార్కెట్‌కూ ఆ మాట అతికించడం కష్టం. కాబట్టి అధికారి పదవి కన్నా ముందు రాతపూర్వక ఒప్పందం, రేటు మార్చేముందు గడువుతో కూడిన నోటీసు, తెలుగులో అచ్చువేసిన చార్టు అడగడం మేలని నాకనిపిస్తుంది.

ప్రశ్న: ప్యాకెట్టుకు ఒక రూపాయి ఎక్కువ ఇవ్వడానికి నేను సిద్ధమే. అది రైతుకు చేరుతుందా?
– ఒక గృహిణి, కాజీపేట

జవాబు: చేరుతుందన్న హామీ లేదు. మీరు కొనే టోన్డ్ పాలలో ఉండాల్సిన వెన్న 3 శాతమే. రైతు పోసిన బర్రెపాలలో దానికి రెట్టింపు పైగా ఉంటుంది, మిగిలినది నెయ్యిగా, వెన్నగా అమ్ముడవుతుంది. కాబట్టి ప్యాకెట్టు ధరలోంచి రైతు రేటును తీసివేసి డెయిరీ లాభం ఇంత అని తేల్చడం కూడా సరికాదు. రైతులే యజమానులైన చోట మిగులు మళ్లీ వాళ్లకే చేరే వీలుంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో మహిళా రైతులు నడుపుకుంటున్న స్వకృషి డెయిరీ అలాంటిదే. ఆ పాలు మీ కాలనీకి వస్తున్నాయేమో కనుక్కోండి. రాకపోతే మీకు రోజూ పాలు వేసే ఏజెంటును తెప్పించమని అడగండి, నలుగురు అడిగితే ఆయన తెప్పిస్తాడు.