అప్‌గ్రేడ్ సంగతి తర్వాత, ముందు నీ నోట్సు బయటికి తియ్యి

నెల్లూరు, దర్గామిట్ట

అమ్మాయ్,

నీ మెసేజ్ చదివా. కందుకూరు చుట్టుపక్కల పెద్దోళ్ల దగ్గర విని రాసుకున్న మాటలు, రొట్టెల పండగలో తీసిన ఫోటోలు, నవలకి అనుకున్న సీన్లు, అన్నీ తలా ఒకచోట ఉండాయన్నావు, కొన్ని వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకున్నవి, కొన్ని గూగుల్ కీప్‌లో, మిగతావి ఆ నోట్స్ యాప్‌లో, ఆ యాప్ ఏమో ఇప్పుడు డబ్బులు కట్టి పెద్ద ప్లాన్ తీసుకోమంటా ఉందని, కట్టాలా వద్దా అని అడిగావు. కట్టే సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ యాప్‌లో నుంచి నీ నోట్సు మొత్తం ఎక్స్‌పోర్ట్ చెయ్యి, అంటే ఫైల్‌గా బయటికి తీసుకో. చేసిన ఫైల్ని ఆ యాప్ లేని ఇంకో ఫోన్లో, మీ నాన్నదైనా సరే, తెరిచి చూడు. తెలుగు తెలుగులాగే కనపడతా ఉందా, ఫోటోలు వాటి నోటుతోపాటు వచ్చినయ్యా, ఏ రోజు రాశావో ఆ తేదీ నిలిచిందా? ఈ మూడూ సరిగ్గా వస్తే ఆ యాప్‌కి డబ్బులు కట్టినా నష్టం లేదు. రాకపోతే ఫ్రీగా ఇచ్చినా నాకైతే వద్దు.

కంపెనీ రూల్సు ఎప్పుడైనా మారతాయి, అందుకే ఇంత గట్టిగా చెప్పేది. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ చూడు, 2023 డిసెంబర్లో ఫ్రీగా వాడేవాళ్లకి 50 నోట్లు, ఒక్క నోట్‌బుక్ అని లిమిట్ పెట్టింది. పాతవి చదువుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు, లిమిట్ దాటినాక కొత్తది రాయాలంటే మాత్రం కట్టాల్సిందే. నవల రాసేవాళ్లకి 50 నోట్లు ఏమూలకి?

మన తెలుగు రాసేవాళ్లకి ఇంకో బాధ కూడా ఉంది. మనూళ్ల డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే కంపోజ్ చేశారు, ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. ఆ ఫైళ్లలో ఉండేది నిజానికి తెలుగు అక్షరాలు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, వెతికితే ఒక్క మాట దొరకదు. మీ తాతగారి కథలు అట్టాంటి ఫైళ్లలో ఉండాయన్నావు గదా, వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతిలోకి మార్చు, మార్చినాక అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని లైను లైనూ చదువు, ముఖ్యంగా ఒత్తులు చూడు, అక్కడే ఎక్కువ తేడా కొడతది. పాత ఫైల్ని మాత్రం తీసేయబాక.

ఇక సర్దుకోవడం. ఫోల్డర్లు మరీ ఎక్కువ పెట్టబాక. నువ్వు జిల్లాల వారీగా పెడదామనుకుంటున్నావు, వద్దు, 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు మీ కందుకూరే ప్రకాశంలోంచి నెల్లూరులోకి వచ్చింది, అద్దంకి, చీరాల బాపట్లలోకి పోయినయ్. జిల్లా మారతది, ఊరు మారదు. అందుకని ఫైల్ పేరులో ముందు తేదీ, తర్వాత ఊరు, తర్వాత విషయం. ఇట్టా:

2025-07-07 నెల్లూరు స్వర్ణాలచెరువు ఇల్లురొట్టె

సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే ఫైళ్లన్నీ వాటంతటవే వరసలో కూర్చుంటాయి. లోపల ముందు ఆ ఇల్లురొట్టె చెరువులో వదలడానికి పండగకొచ్చినామె అన్న మాట, "పోయినేడు పట్టుకున్నా, ఇల్లు కట్టుకున్నాం, ఈ ఏడు వదలడానికొచ్చా" అంటే అట్టాగే పెట్టు, నీ సొంత భాషలోకి మార్చబాక. నీ ఆలోచన దాని కింద వేరే పేరాలో రాయి. రెండూ కలిపేస్తే రెండేళ్ల తర్వాత ఏది ఆమె మాటో ఏది నీదో నీకే తెలియదు, నవలలో అది చాలా పెద్ద తేడా అమ్మాయ్.

స్పెల్లింగ్ దగ్గర రొంత జాగ్రత్త. ఒక నోటులో పెళ్లి అని, ఇంకోదాన్లో పెళ్ళి అని రాశావనుకో, ఒకటి వెతికితే రెండోది రాకపోవచ్చు. పండగ, పండుగ కూడా అంతే. లోపల మనుషులు ఎట్టా పలికితే అట్టా రాసుకో, ఫైల్ పేరులో మాత్రం ఒకే తీరు పట్టుకో.

వాట్సాప్‌లో నీకు నువ్వు పంపుకోవడం తప్పేం కాదు, బస్సులో గుర్తొచ్చింది పట్టుకోవడానికి అంతకంటే సులువైంది లేదు. కానీ అక్కడే ఉంచబాక, వారానికోసారి కూర్చుని అసలు చోటికి మార్చెయ్యి, మామూలుగా పంపితే ఫోటోల క్వాలిటీ కూడా తగ్గుతది. గూగుల్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫోటోలకి అన్నిటికీ కలిపి, నీ వాయిస్ రికార్డింగులకి అది ఆట్టే రోజులు చాలదు, వాటికి పెన్‌డ్రైవో హార్డ్ డిస్కో చూసుకో, ఒక కాపీ ఇంట్లో, ఒకటి మీ అక్కావాళ్లింట్లో.

నన్నడిగితే అసలు నోట్సు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉండటం మేలు. అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ అట్టాగే దాస్తది, ఆ యాప్ తీసేసినా ఫైళ్లు నీ ఫోల్డర్లో ఉంటాయి, ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటాయి.

అప్‌డేట్లు ఎప్పుడు చెయ్యాలంటే, సెక్యూరిటీవి వచ్చిన వెంటనే చేసెయ్, ఆలోచించే పనే లేదు. రూపం మొత్తం మారిపోయే పెద్ద వెర్షన్లు మాత్రం నవల సగంలో ఉన్నప్పుడు వేసుకోబాక, డ్రాఫ్ట్ పూర్తయి ఎవరికన్నా చదవడానికి ఇచ్చినాక, కాపీ తీసుకుని అప్పుడు వేసుకో. డబ్బులు కట్టే ప్లానంటావా, వాళ్లు చెప్పే కొత్త ఫీచర్లలో పోయిన నెల నీకు ఏది లేక పని ఆగిందో చెప్పు. ఆగలేదంటే కట్టే అవసరం ఇంకా రాలేదు.

నీ లాప్‌టాప్ విండోస్ 10 అన్నావు. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, పాతవాటిల్లో కొన్నింటికి అది లేదు. లేకపోయినా కొత్తది కొనడానికి అప్పు చెయ్యబాక, విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ వేసి, వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్ పెట్టుకుంటే తెలుగు టైపు చేసుకోవడానికి, నవల రాసుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతది. మోడల్ పేరు వెనకాల స్టిక్కర్ మీద ఉంటది, ఫోటో తీసి పంపు, 11 పడతదో లేదో చూసి చెప్తా. ఈలోపల ఎక్స్‌పోర్ట్ మాత్రం చేసి పెట్టు.