నాలుగేళ్ల బాబు ఎవరితోనూ కలవడం లేదు, ఆటల వల్ల నిజంగా కలుపుగోలుతనం అలవడుతుందా?

మీ బాబుకు నాలుగేళ్లు నిండాయని, బడిలో మిగతా పిల్లలందరూ ఆడుకుంటూ ఉంటే తాను మాత్రం గోడ పక్కన నిలబడి చూస్తూ ఉంటాడని టీచరు చెప్పారని రాశారు. నలుగురిలో మెలిగే తీరు ఆటల వల్ల నిజంగా అలవడుతుందా, లేక అది పుట్టుకతో రావలసిందేనా అని అడిగారు. నేను వైద్యురాలిని కాను. గుంటూరులో ఒక చిన్న ప్రీస్కూల్లో తొమ్మిదేళ్లుగా మూడు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలతో పనిచేస్తున్నాను. అంతకుముందు మీలాగే కంగారుపడిన తల్లిని. ఈ పనిలోకి రావడానికి కారణం కూడా ఆ కంగారే కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

మా అమ్మాయికి మూడున్నరేళ్లప్పుడు మేము లక్ష్మీపురంలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండేవాళ్లం. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తే పాప మా అత్తగారి దగ్గర, ఎక్కువసేపు టీవీ ముందు ఉండేది. బడిలో చేర్పించిన రెండు నెలలకు బడివాళ్లు నన్ను పిలిపించి, పాప డల్‌గా ఉంటోందని, ఎవరితోనూ మాట్లాడదని, సాయంత్రం ట్యూషన్ పెట్టిస్తే చురుకుదనం వస్తుందని చెప్పారు. నేను ఆ మాట నమ్మి పెట్టించాను. మూడున్నరేళ్ల బిడ్డను సాయంత్రం ఐదింటి నుంచి ఆరున్నర వరకు పలక ముందు కూర్చోబెట్టడం వల్ల వచ్చిన చురుకుదనం ఏమీ లేదు సరికదా, ట్యూషన్ సంచి కనిపిస్తే చాలు మంచం కిందికి దూరడం మొదలుపెట్టింది. ఆ రెండు నెలలూ తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వేసవిలో ఒక సాయంత్రం కరెంటు పోయి, మా అత్తగారు ఉక్కపోత భరించలేక పాపను తీసుకుని సెల్లారులోకి దిగారు. అక్కడ అపార్ట్‌మెంటు పిల్లలు ఐదారుగురు, వాచ్‌మన్ గారి పిల్లలు ఇద్దరు దొంగాటకు పంటలు వేసుకుంటున్నారు. నేను ఆఫీసు నుంచి వచ్చి బండి స్టాండు వేస్తూ ఆ దృశ్యం చూశాను. పంటలు వేయడం మీకు తెలిసిందే. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేతిని పైకో కిందికో తిప్పి చూపిస్తారు, మిగతా ఇద్దరికీ భిన్నంగా చూపినవారు పండినట్టు, చివరికి పండకుండా మిగిలినవారు దొంగ. మా పాప తన చెయ్యి వెనక దాచుకుని, మిగతా ఇద్దరూ ఏం చూపించారో చూసి, ఆ తరువాత నెమ్మదిగా తన చెయ్యి తెచ్చి పెట్టింది. ఒక అబ్బాయి వెంటనే తొండి, తొండి అని అరిచాడు. పాప ముఖం చిన్నబోయింది. అప్పుడు వాచ్‌మన్ గారి పెద్దమ్మాయి, తొమ్మిదేళ్లుంటాయేమో, పాప చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "అది చిన్నదిరా, ఆటలో అరటిపండు" అంది. అంతే, ఎవరూ ఎదురు చెప్పలేదు, ఆట మొదలైంది.

ఆటలో అరటిపండు అనే మాటను పెద్దవాళ్లం ఇప్పుడు లెక్కలోకి రానివారిని తక్కువ చేయడానికి వాడుతున్నాం. పిల్లల ఆటలో మాత్రం అదొక స్థానం. అరటిపండు అందరితోపాటు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, కేకలు వేయవచ్చు, దొరికినా అవుట్ కాదు. ఆట తెలియని బిడ్డను ఆట చెడకుండా లోపలికి తీసుకునే ఏర్పాటు ఇది, దీన్ని ఏ టీచరూ నేర్పలేదు, పిల్లలే తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. చిన్నవారికి తప్పు చేసే అవకాశం దొరుకుతుంది, పెద్దవారికి చిన్నవారిని కనిపెట్టుకుని ఉండటం అలవాటవుతుంది. వయసు వారీగా తరగతుల్లో కూర్చోబెట్టే మన బడుల్లో ఇది జరగదు, ఎందుకంటే అక్కడ తొమ్మిదేళ్ల అక్క ఉండదు.

మా పాప దాదాపు మూడు వారాలు అరటిపండుగానే ఉంది. ఆ తరువాత ఒకరోజు తనను పట్టుకుని కూడా వదిలేసి వెళ్లిన పిల్లవాడి చొక్కా పట్టుకుని లాగి, "నేను అరటిపండు కాదు, నన్ను కూడా దొంగను చెయ్యి" అని ఏడ్చింది. మెట్ల మీద కూర్చుని చూస్తున్న నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బడిలో నోరు విప్పదని చెప్పిన బిడ్డ, నియమం తనకూ వర్తించాలని, ఓడిపోయే హక్కు తనకూ కావాలని అందరిముందూ గట్టిగా అడుగుతోంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మొదటి వారం వాచ్‌మన్ పిల్లలతో ఆడనివ్వాలా అని నేను కూడా సందేహించాను, పైకి పిలిచేద్దామా అని రెండుసార్లు అనుకున్నాను. అపార్ట్‌మెంటు మీటింగులో ఒకాయన ఆ పిల్లలను సెల్లారులో ఆడనివ్వకూడదని అంటే, ఆ రోజు నేను లేచి వారిని ఆపవద్దని చెప్పగలిగాను గానీ, ఆ సందేహం నాకూ కలిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మా బిడ్డకు నలుగురిలోకి దారి చూపించింది ఆ అమ్మాయే.

ఇప్పుడు మీ బాబు సంగతికి వస్తాను. గోడ పక్కన నిలబడి చూడటాన్ని లోపంగా తీసుకోవద్దు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు నర్సరీ పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునే వేళల్లో వారిని గమనించి, 1932లో ప్రచురించిన వ్యాసంలో వారి తీరును ఆరు రకాలుగా వర్ణించారు. ఊరికే తిరుగుతూ ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడటం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, పనులు పంచుకుని అందరూ ఒకే ఆటగా ఆడటం అనేవి ఆ ఆరు. చూస్తూ నిలబడటం కూడా ఆ వరుసలో ఉందని గమనించండి. పిల్లలు వీటిని మెట్లెక్కినట్టు ఒక్కొక్కటిగా దాటిపోరని, ముందుకూ వెనక్కూ వెళ్తూనే ఉంటారని తరువాతి పరిశోధకులు చెప్పారు, నా తరగతిలో నేను రోజూ చూసేది కూడా అదే. చూస్తున్న బిడ్డ కళ్లు ఎక్కడ ఉన్నాయో మీరు చూడండి. ఆట వెంట కదులుతూ ఉంటే వాడు నియమాలు నేర్చుకుంటున్నాడు. పక్కపక్కన ఆడటం చాలామంది పిల్లలకు వంతెన లాంటిది, పక్కవాడి ఇసుక గుట్టను చూసి తన గుట్ట కట్టుకున్న బిడ్డ కాసేపటికి రెండింటికీ మధ్య దారి తవ్వుతాడు.

నియమాల గురించి కూడా ఒక మాట. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జీన్ పియాజే గోలీలాడే పిల్లల దగ్గర కూర్చుని, ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చింది, దీన్ని మార్చవచ్చా అని వారినే అడిగి తెలుసుకున్నదంతా అదే 1932లో గ్రంథంగా వెలువరించారు. నాలుగైదేళ్లవారు కలిసి ఆడుతున్నట్టు కనిపించినా ఎవరి పద్ధతి వారిదేనని, అందరూ గెలిచామనుకోగలరని, 7, 8 ఏళ్లకు ఉమ్మడి నియమం కావాలనే పట్టింపు వస్తుందని, పదేళ్లు దాటాక అందరూ ఒప్పుకుంటే నియమాన్ని మార్చుకోవచ్చని తెలుస్తుందని ఆయన గమనించారు. కాబట్టి నాలుగేళ్ల బిడ్డ ఓడిపోయి కూడా నేనే గెలిచానంటే అది అబద్ధమాడటం కాదు, మీరు కోప్పడవలసిన పని లేదు.

పెద్దవాళ్లం వృథా అనుకునే సమయంలోనే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారని నా అనుభవం. తొక్కుడుబిళ్ల ఆటలో కాలు గీత మీద పడిందా లేదా అనే తగువు వచ్చిందనుకోండి. మా బడి వరండాలో ఒకసారి ఇద్దరమ్మాయిలు ఇదే విషయం మీద ఆట ఆపేసి, ఒకరు కటీఫ్ చెప్పి స్తంభం వెనక్కి వెళ్లి కూర్చున్నారు. నేను లేచి వెళ్లబోతుంటే మా ఆయమ్మ, "కాసేపు ఆగండి మేడమ్, వాళ్లే తేల్చుకుంటారు" అన్నారు. రెండో అమ్మాయి ఒక్కతే రెండు గడులు గెంతింది, బిళ్లను చేతిలో తిప్పుకుంది, స్తంభం వైపు చూసింది, చివరికి వెళ్లి, "సరే, నువ్వు మళ్లీ వెయ్యి, కానీ ఈసారి గీత తొక్కితే అవుటే" అంది. ఒంటరిగా ఆడితే ఆట లేదని, తన మాటే నెగ్గాలంటే ఎదుటివారు మిగలరని ఆ అమ్మాయికి తెలిసివచ్చింది. నేను వెళ్లి ఎవరిది తప్పో తీర్పు చెప్పి ఉంటే ఆట తిరిగి మొదలయ్యేదేమో గానీ, ఆ బేరం కుదిరేది కాదు. కొట్టుకుంటున్నప్పుడు, లేదా ఒకే బిడ్డను అందరూ కలిసి వెలివేస్తున్నప్పుడు మాత్రం నేను ఆలస్యం చేయకుండా మధ్యలోకి వెళ్తాను.

ఉత్తుత్తి ఆటల విలువ మరోరకం. మా అత్తగారు కోటప్పకొండ తిరునాళ్లలో కొన్న లక్క పిడతలతో మా అమ్మాయి, పక్క ఫ్లాటు అబ్బాయి గంటల తరబడి వంటలు, కొట్టు ఆట ఆడేవారు. ఒకరోజు వాళ్లకు నిజం మరమరాలే ఇచ్చాను. మా అమ్మాయికి మరమరాలంటే ప్రాణం. కొట్టు యజమాని తనే కాబట్టి ఒక్క గింజ నోట్లో వేసుకోకుండా, ఆ అబ్బాయి ఇచ్చే ఆకులు లెక్కపెట్టుకుని, పిడతతో కొలిచి పోసింది, కొట్టు కట్టేశామని ఇద్దరూ అనుకున్న తరువాతే తిన్నది. రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ప్రసంగంలో ఇదే విషయాన్ని వివరించారు: పాత్రలో ఉన్న బిడ్డ తన తక్షణ కోరికను అణచుకుని ఆట నియమానికి ఇష్టంగా లోబడుతుంది. తన వంతు వచ్చేదాకా ఆగు అని మనం వందసార్లు చెప్పినా అలవడని ఓర్పు అలాంటి ఆటలో వస్తుంది. అమ్మ ఆటలో పిల్లలు మనల్ని కూడా చూపిస్తారు. మా అమ్మాయి బొమ్మను ఒళ్లో పెట్టుకుని, "ఉండు, ఫోను మాట్లాడుతున్నా కదా" అని గదమాయించడం విన్న రోజు నుంచి ఇంటికి వచ్చాక నేను ఫోను బీరువా మీద పెట్టడం మొదలుపెట్టాను.

ఇవన్నీ చదువుకు అడ్డమని ఇంట్లో ఎవరైనా అంటే, 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు పునాది దశగా పేర్కొని, ఆ దశలో ఆటలు, కృత్యాల ద్వారా బోధన సాగాలని చెప్పిందని వారికి చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు శారీరకంగా కదులుతూ ఉండాలి, తెర ముందు కూర్చునే సమయం గంటకు మించకూడదు.

పుట్టుకతో వచ్చేదా అన్నారు. కొందరు పిల్లలు స్వభావరీత్యా నెమ్మదిగా కలుస్తారు, అది మారనవసరం లేదు. మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు, ఈ రోజుకీ కొత్తచోట మొదటి అరగంట మౌనంగానే ఉంటుంది. అయితే మీ బాబు పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, తనకు నచ్చినదాన్ని వేలితో మీకు చూపించకపోవడం, వయసుకు తగ్గ మాటలు రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి ఉంటే ఆటల కోసం ఎదురుచూడకుండా పిల్లల వైద్యులకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి పరీక్షలు ఉచితంగా చేస్తారు.

అలాంటివేమీ లేకపోతే, ఒకేసారి పదిమందిలోకి తోయకుండా ఒక్క బిడ్డతో మొదలుపెట్టండి. వాడు బడిలో ఎక్కువగా ఎవరిని చూస్తూ ఉంటాడో టీచరును అడిగి, ఆ బిడ్డను ఆదివారం సాయంత్రం మీ ఇంటికి పిలవండి. మన ఎండల్లో ఐదు దాటాకే మేలు. ఒకే రకం వస్తువులు రెండేసి ఉంచండి: రెండు బకెట్లు, రెండు గరిటెలు, కాస్త ఇసుకో నీళ్లో. బాబుకు బాగా ఇష్టమైన బొమ్మ ఏదైనా ఉంటే, వచ్చే బిడ్డ ముందు లాక్కోవలసిన అవసరం రాకుండా, దాన్ని ముందే లోపల పెట్టేయండి. ఆ తరువాత మీరు గుమ్మం దగ్గర కూర్చుని కూరగాయలు తరుక్కోండి, షేర్ చెయ్యి, సారీ చెప్పు అని మధ్యమధ్యలో అందించకండి. మొదటి ఆదివారం ఇద్దరూ వీపు వీపు పెట్టుకుని ఎవరి బకెట్టు వారు నింపుకుంటే కూడా మళ్లీ ఆదివారం అదే బిడ్డను అదే వేళకు పిలవండి.