కాడ అనుకున్నది కాడ కాదు

చి. చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. పసుపుపచ్చ పువ్వు, నాలుగు రేకులు, సాయంత్రం విచ్చుకుంది. "ఈవెనింగ్ ప్రిమ్‌రోజే కదా పెద్దమ్మా, ఏ జాతో చెప్పు" అని అడిగావు. కుటుంబం వరకు, అంటే ఒనాగ్రేసీ అనే మొక్కల కుటుంబం వరకు, నీ ఊహ సరైనదే అనిపిస్తోంది. జాతి పేరు మాత్రం ఈ ఫొటోలు చూసి చెప్పలేను. మూడూ పైనుంచి తీసినవే. ఈ కుటుంబాన్ని పట్టిచ్చే గుర్తు పువ్వు అడుగున ఉంటుంది.

ముందు ఆ పేరును పక్కన పెట్టు. ప్రిమ్‌రోజ్ అనే మొక్క వేరే ఉంది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. సాయంత్రం పూయడం కూడా గుర్తు కాదు. మన చంద్రకాంత సాయంత్రమే పూస్తుంది, కానీ అది ఇంకో కుటుంబం. ఈ కుటుంబంలోనే పట్టపగలు పూసే మొక్కలు ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు ఒక పువ్వు కోసి, బ్లేడుతో పైనుంచి కిందికి నిలువుగా చీల్చు. గింజలయ్యే గది, అంటే అండాశయం, రేకులకు పైన ఉందా, కింద ఉందా చూడు. ఆవపువ్వుకూ నాలుగు రేకులే. కానీ దాని అండాశయం రేకుల పైన ఉంటుంది, కేసరాలు, అంటే పుప్పొడి మోసే పోగులు, ఆరు. ఈ కుటుంబంలో అండాశయం రేకుల కింద ఉంటుంది. మీ పుస్తకాల్లో నిమ్న అండాశయం అని రాస్తారే, అదే. కేసరాలు మామూలుగా ఎనిమిది, కొన్నిట్లో నాలుగు. ఈ కుటుంబంలోదే ఎపిలోబియం, ఆ పేరుకు గ్రీకులో అర్థమే "కాయ మీద" అని. పువ్వు కాయ మీద కూర్చున్నట్టు ఉంటుందని ఆ పేరు పెట్టారు. చూసింది చూసినట్టు చెప్పే ఇలాంటి పేర్లంటే నాకు చాలా ఇష్టం.

ఇక్కడే నేను మొదట్లో దెబ్బతిన్నాను. అసలైన ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్‌ల ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఈనోథెరా. దాని పువ్వు కింద సన్నగా, పొడుగ్గా ఒకటి కనిపిస్తుంది. అది పూకాడ అనుకుని చాలాకాలం నా నోట్‌బుక్‌లో "కాడ పొడుగు" అని రాసుకున్నాను. అది కాడ కాదు, గొట్టం. అండాశయం ఆ గొట్టానికి అడుగున, ఆకు మొదట్లో కాండానికి అంటుకుని ఉంటుంది. గొట్టం లోపల తేనె, దానికోసం పొడవాటి నాలుక ఉన్న రెక్కల పురుగులు చీకటి పడ్డాక వస్తాయి. పువ్వు వాడాక గొట్టంతో సహా ఊడి పడిపోతుంది, అండాశయం ఒక్కటే మిగిలి కాయ అవుతుంది. రాలిన పువ్వు ఒకటి తీసి చూడు, అండాశయం పైన ఎక్కడ తెగి ఊడిందో కనపడుతుంది.

గొట్టమే లేకపోతే? అప్పుడు ఇదే కుటుంబంలోని ఇంకో ప్రజాతి, లుడ్విజియా ఏమో చూడు. తడి నేలల్లో, నీళ్లలో, వరిచేలలో పెరిగే మొక్కలివి. గొట్టం ఉండదు. రక్షక పత్రాలు, అంటే మొగ్గను కప్పి ఉంచే పచ్చటి రేకులు, రాలిపోకుండా కాయ చివర కిరీటంలా నిలిచి ఉంటాయి. చాలావాటి కాయ చూస్తే లవంగం గుర్తొస్తుంది. రేకులు నాలుగే ఉండాలని పట్టుబట్టకు, కొన్ని జాతుల్లో అయిదు ఉంటాయి. నీటి మీద పాకే లుడ్విజియా అడ్సెండెన్స్‌కి అయిదు తెల్ల రేకులు, మొదట్లో పసుపు. కణుపుల దగ్గర తెల్లటి స్పాంజి ముక్కల్లాంటి వేళ్లు మొక్కను తేలుస్తాయి. అది ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోవు.

గులాబీరంగు, చీలిన రేకులు, పొడవాటి సన్నటి కాయ పగిలి దూదిలాంటి వెంట్రుకలతో గింజలు ఎగిరితే ఎపిలోబియం. ఈనోథెరా గింజలకు ఆ దూది ఉండదు. చల్లటి అడవి నీడలో రెండే రేకులు, రెండే కేసరాలు, కొక్కేల్లాంటి వెంట్రుకలున్న కాయతో ఒకటి కనిపిస్తే అది సర్సియా. ఇదే కుటుంబం.

భూతద్దం ఒకటి, పది రెట్లు చూపించేది, ఎప్పుడూ దగ్గర పెట్టుకో. కీలాగ్రం, అంటే పువ్వు నడుమ పుప్పొడి అంటుకునే కొన, చూడటానికి అదే ఆధారం. ఈనోథెరాలో అది నాలుగు చీలికలుగా, శిలువలా విచ్చుకుని ఉంటుంది. ఎపిలోబియంలో కొన్ని జాతులకు అలా నాలుగు చీలికలు, మరికొన్నింటికి గదలా ముద్దగా ఉంటుంది. అక్కడ జాతులు విడదీసేటప్పుడు ముందు దీన్నే చూస్తాం. కీలాగ్రం సరిగ్గా చూడకుండా ఎపిలోబియం జాతి పేరు రాయొద్దు.

ఇంకో సరదా పరీక్ష చెబుతాను. సూదిమొనతో ఈనోథెరా పుప్పొడిని తాకి మెల్లగా లాగు. పొడిలా రాలదు, సాలెగూడు దారాల్లా సాగుతూ వస్తుంది. పుప్పొడి రేణువులకు జిగట పోగులు ఉంటాయి, అది ఈ కుటుంబం లక్షణం.

ఇక పేర్లు. పాత పుస్తకాల్లో ఒక పేరు, కొత్త వాటిలో ఇంకో పేరు కనిపిస్తే టెన్షన్ పడకు. గౌరా అనే ప్రజాతిని 2007లో ఈనోథెరాలో కలిపేశారు. జస్సియా అని పాత పుస్తకాల్లో ఉన్నవన్నీ ఇప్పుడు లుడ్విజియా. ఫైర్‌వీడ్ అని పిలిచే ఎపిలోబియం అంగుస్టిఫోలియం ఇప్పుడు చాలా పుస్తకాల్లో కామెనీరియాన్. దానికి గొట్టం లేదు, ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, అందుకే విడదీశారు. ఈ కుటుంబం పేరు ఒనాగ్రేసీ కూడా ఒనాగ్రా అనే పాత పేరు నుంచి వచ్చిందే, ఆ ఒనాగ్రా ఇప్పుడు ఈనోథెరాలో కలిసిపోయింది. అందుకని నోట్‌బుక్‌లో నీకు దొరికిన పేరుతో పాటు ఏ పుస్తకం చూసి రాశావో కూడా రాయి. రేపు పేరు మారినా మొక్క ఏదో తెలుస్తుంది.

ఈనోథెరాలో జాతి దాకా వెళ్లడం కష్టం, దానికి కారణం ఉంది. 1886లో నెదర్లాండ్స్‌లో, హిల్వర్సమ్ దగ్గర ఒక వదిలేసిన బంగాళాదుంప పొలంలో హ్యూగో డి వ్రీస్ అనే డచ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కల్ని చూశాడు. వాటి విత్తనాల నుంచి అప్పుడప్పుడు వేరే రూపంతో మొక్కలు వచ్చేవి. కొత్త జాతులు ఒక్కసారిగా పుడుతున్నాయని అనుకుని, 1901లో ఉత్పరివర్తన (మ్యుటేషన్) సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చాడు. తర్వాత తేలిందేమంటే, కొన్ని ఈనోథెరాల్లో 14 క్రోమోజోములు వలయాలుగా ముడిపడి ఉంటాయి. అందువల్ల మొక్క సంకరమైనా తరతరాలుగా ఒకేలా పుడుతుంది. చిన్న తేడాతో ఒకేలా పుట్టే ఒక్కో గుంపుకూ వృక్షశాస్త్రజ్ఞులు ఒక్కో జాతి పేరు పెట్టుకుంటూ పోయారు. ఇంత చిక్కుముడి ఉన్నచోట "ఈనోథెరా" అని రాసి ఆగిపోవడం తప్పేమీ కాదమ్మా. ఊహించి రాసిన జాతి పేరు కంటే నాకు ఆ ఒక్క మాటే ఎక్కువ విలువైంది. ఫోన్‌లో యాప్ పూర్తి పేరు చెప్పేసిందని నువ్వు రాశావు. అది చూసింది నీ ఫొటోనే, అందులో కాయ లేదు.

ఒకసారి నేను ఎంతో దూరం నడిచి ఒక ఈనోథెరా తెచ్చాను. పువ్వున్న కొమ్మ మాత్రమే తుంచుకొచ్చి, పుస్తకంలో పెట్టి ఎండబెట్టాను. అడుగు ఆకుల చుట్టు లేదు, పండిన కాయ లేదు, కాండం మీది వెంట్రుకల రంగు ఎండి పోయింది. ఆ ఎండు మొక్కను అంటించిన షీటు ఇప్పటికీ పేరు లేకుండానే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అందుకే మళ్లీ వెళ్లినప్పుడు పీకొద్దు, ఫొటోలే తియ్యి. పువ్వు ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఆకు మొదలు కనిపించేలా ఒకటి. మొగ్గ దగ్గరగా ఒకటి, ముఖ్యంగా రక్షక పత్రాల చివర్లు కలిసి ఉన్నాయా విడిగా ఉన్నాయా తెలిసేలా. కాయ, కాండం మీది వెంట్రుకలు, నేల దగ్గరి ఆకులు. పక్కన స్కేలు పెట్టు. విచ్చుకున్న టైమూ, మర్నాడు వాడేటప్పుడు రంగు ఎలా మారిందో రాయి. ఈనోథెరాల్లో కొన్నిటి పసుపు నారింజకో ఎరుపుకో తిరుగుతుంది. విచ్చుకునేటప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి కాసేపు చూడు, కొన్ని కళ్లముందే నిమిషంలో విచ్చుకుంటాయి.

అవి అందాక ఇద్దరం కూర్చుని పేరు వెతుకుదాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ