రొయ్యల మెయిల్‌లో ఆ "రివర్ట్" తీసేయండి

మీ రొయ్యలు కొనే యూరప్ పార్టీకి కంటైనర్ కాగితాల గురించి మెయిల్ పెడితే "ఇంతకీ మమ్మల్ని ఏం చేయమంటారు?" అని తిరిగి అడిగారన్నారు కదా. గ్రామర్ గురించి టెన్షన్ పడకండి. "డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్" (చేయాల్సింది చేసి జవాబివ్వండి) అని మన వైజాగ్ ఆఫీసుల్లో రోజూ రాసేస్తాం గానీ, బయటివాళ్లకి రివర్ట్ అంటే పాత స్థితికి వెళ్లడం, పైగా ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా అన్నది ఆ వాక్యంలో ఎక్కడా లేదు. "హెల్త్ సర్టిఫికెట్ కాపీ చూసి శుక్రవారంలోగా ఓకే చెప్పండి" అన్నంత సూటిగా ఇంగ్లీషులో రాయండి.

"డిస్కస్ అబౌట్" కూడా వద్దు, ఇంగ్లీషులో డిస్కస్ ఒక్కటే చాలు, మన "గురించి" అందులో దూరిపోయింది. లక్షల లెక్క బయటివాళ్లకి అలవాటుండదు, 25 లక్షలని 2.5 మిలియన్ అనండి.

ఇది మనొక్కళ్ల ఇబ్బందే కాదండి. ఐరోపా సమాఖ్య కాగితాల్లోనూ "ప్రస్తుత" అనాల్సిన చోట ఫ్రెంచ్ అలవాటుతో "యాక్చువల్" (ఇంగ్లీషులో "అసలైన" అని అర్థం) అని రాసేస్తుంటారు, ఇలాంటి వాటి మీద వాళ్ల ఆడిట్ సంస్థే ఒక గైడ్ వేసింది. నేనైతే పంపేముందు పైకి చదువుకుంటాను, ఫోన్లో అనని మాట కనిపిస్తే మార్చేస్తాను. మళ్లీ రాసిన మెయిల్, పేర్లు తీసేసి పెట్టండి, చూస్తాను.