నోరు ఎన్ని వేళ్ళు తెరుచుకుంటోంది?

పాఠకుల ప్రశ్నలు – వైద్యుల జవాబులు

ఈసారి జవాబులన్నీ దవడకూ, చెవి ముందుండే దవడ కీలుకూ సంబంధించినవే. చదివే ముందు ఒక చిన్న పని చేయండి. రెండు చూపుడువేళ్ళనూ రెండు చెవుల ముందు ఆనించి నోరు మెల్లగా తెరవండి. వేళ్ళ కింద గుండ్రటి ఎముక ఒకటి ముందుకు జారుతుంది, నోరు మూస్తే మళ్ళీ గూట్లోకి వెళ్తుంది. అది కింది దవడ తల. ఆ తలకూ పైన పుర్రెలోని గుంటకూ మధ్య మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. ఇప్పుడు చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళు మూడూ కలిపి, పై కింది ముందుపళ్ళ మధ్య నిలువుగా పెట్టి చూడండి. పట్టాలి. ఎవరి నోటికి వారి వేళ్ళే కొలత, బిడ్డ నోటికి బిడ్డ వేళ్ళే. పెద్దవాళ్ళలో ఇది సుమారు 40 నుంచి 50 మిల్లీమీటర్లు. 35కు తగ్గిందంటే కారణం వెతకాలి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్ళు. మూడేళ్ళప్పుడు మిద్దె మెట్ల మీద నుంచి పడి గడ్డం పగిలితే కుట్లు వేయించినాము. ఇప్పుడు నోట్లో దాని వేలు ఒక్కటే పడుతుంది. సంగటి పిసికి చిన్న ముద్దలు చేసి పళ్ళ సందులో తోస్తున్నాము. గడ్డం కుడిపక్కకు పోతా ఉంది, ఎడమ బుగ్గ చప్పగా అయిపోయింది. దెబ్బ ఎడమవైపే కదా? పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతుందా? – ఒక తల్లి, పాకాల

జవాబు: అమ్మా, దెబ్బ తిన్నది ఎడమ కాదు, చాలావరకు కుడి కీలు. ఇక్కడ తల్లిదండ్రులే కాదు, కొత్త డాక్టర్లూ పొరబడతారు. కీలు బిగుసుకున్న వైపు దవడ పెరగదు, పొట్టిగా ఉండిపోతుంది. అందుకే గడ్డం ఆ వైపుకే లాక్కుపోతుంది, పొట్టి ఎముక మీద కండ కుదురుకుని బుగ్గ నిండుగా కనిపిస్తుంది. బాగున్న వైపు ఎముక పొడుగ్గా సాగి బుగ్గ చప్పగా అవుతుంది. సీటీ స్కాన్ తీస్తే ఖాయంగా తెలుస్తుంది.

జరిగింది ఇదీ. గడ్డం మీద పడితే దెబ్బ గడ్డం దగ్గర ఆగదు, నేరుగా చెవి ముందున్న కీలుకు పోతుంది. చిన్నపిల్లల్లో దవడ తల మెత్తగా, రక్తం నిండుగా ఉంటుంది. విరగడం కంటే నలిగిపోతుంది. కీలులో చేరిన రక్తం గడ్డకట్టి, నొప్పికి బిడ్డ నోరు కదపకపోతే నెలల మీద అది ఎముకగా మారుతుంది. చివరికి దవడ తల పుర్రెకు అతుక్కుపోతుంది. గడ్డం మీద గాయం కనిపిస్తుంది కాబట్టి కుట్లు పడతాయి. చెవి ముందు వాపు ఎవరి కంటా పడదు. చెవిలో చీము పట్టి కీలుకు పాకినా ఇదే జరగవచ్చు.

కట్టు సంగతి. చేయీ కాలూ విరిగితే ఎముకను వరసకు తెచ్చి కదలకుండా కట్టి ఉంచుతారు. దవడ కీలుకు, అందులోనూ పిల్లల్లో, ఎక్కువ రోజులు కదలకుండా ఉంచడమే ప్రమాదం. పడిన కొత్తలో కూడా వారం పది రోజులు మెత్తటి తిండి పెట్టి, ఆ తర్వాత రోజూ నోరు తెరిపించే వ్యాయామం చేయించాలి. ఇప్పుడైతే ఎముకే అతుక్కుంది కాబట్టి కట్టు వల్లా, తైలాల వల్లా, పళ్ళ సందులో పుల్ల పెట్టి బలవంతంగా తెరవడం వల్లా లాభం లేదు. పళ్ళు విరుగుతాయి, అంతే.

దీనికి ఆపరేషనే మార్గం. చెవి ముందు నుంచి జుట్టులోకి గాటు పెట్టి, అతుక్కున్న ఎముక ముద్దను కోసి తీస్తారు. మధ్యలో ఖాళీ కనీసం 1 నుంచి 1.5 సెంటీమీటర్లు రావాలి. తర్వాత అదే వైపు, కణత కండరం పట్టుకునే దవడ కొమ్మును కూడా తీసి, నోరు ఎంత తెరుచుకుందో టేబుల్ మీదే స్కేలుతో కొలుస్తారు. 35 మిల్లీమీటర్లు రాకపోతే రెండో వైపు కొమ్మునూ తీయాలి. ఆ ఖాళీలో ఎముక మళ్ళీ ఎముకను ముట్టకుండా కణత కండరం నుంచి ఒక పొరను తిప్పి పరుస్తారు. ఎదిగే బిడ్డకు దవడ తలకు బదులుగా, చివర మృదులాస్థి ఉన్న పక్కటెముక ముక్కను పెట్టే పద్ధతి ఉంది. అది ఒక్కోసారి తక్కువగా, ఒక్కోసారి అవసరానికి మించి పెరుగుతుంది కాబట్టి పెరుగుదల ఆగేదాకా ఏటా చూపించాలి.

నోరు తెరవని బిడ్డకు మత్తు ఇవ్వడమే ఈ ఆపరేషన్‌లో మొదటి గండం. సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి, దాని మీదుగా శ్వాసగొట్టం వేయాలి. అందుకని ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు సర్జన్ ఎవరని అడిగినట్టే, ఫైబర్ ఆప్టిక్ పరికరం, అది అలవాటున్న మత్తు డాక్టరు ఉన్నారా అనీ అడగండి. మొహమాటపడవద్దు. పాప గురక పెడుతుందా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుందా అన్నది తప్పకుండా చెప్పండి. అలా ఉంటే ముందు దవడను పొడిగించాల్సి రావచ్చు. ఎముకను కోసి మరలాంటి పరికరం బిగించి, 5 నుంచి 7 రోజులు ఆగి, ఆ తర్వాత రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున జరుపుతారు. జరిగిన చోట కొత్త ఎముక పుడుతుంది.

సర్జన్ పని మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది, మీ పని ఏడాది ఉంటుంది. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లోనే వ్యాయామం మొదలు. ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్క పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి వెనక పళ్ళ మధ్య పెట్టి, పక్క నుంచి ఒక్కో పుల్ల దూర్చాలి. ఒక్కోటి దాదాపు 2 మిల్లీమీటర్ల మందం. రోజుకు నాలుగైదు సార్లు చేయించాలి. బిడ్డ ఏడుస్తుంది. నొప్పి మందు ఇచ్చిన అరగంటకు చేయిస్తే కొంత ఓర్చుకుంటుంది. ఎన్ని పుల్లలు పట్టాయో రోజూ క్యాలెండరు మీద రాయండి. వరుసగా మూడు నాలుగు రోజులు సంఖ్య తగ్గితే తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెళ్ళండి. కీలు మళ్ళీ బిగుసుకోవడానికి కారణాలు దాదాపు రెండే: లోపలి వైపు ఎముక పూర్తిగా తీయకపోవడం, ఇంట్లో వ్యాయామం మానేయడం. లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది కాబట్టి అక్కడ చేయి తిరిగిన సర్జనే కావాలి.

ముందు తిరుపతి రుయా ఆసుపత్రిలో గానీ దగ్గర్లోని డెంటల్ కాలేజీలో గానీ ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్ చేత చూపించండి. చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు సీఎంసీ కూడా దగ్గరే. ఇంకో ఏడాది చూద్దాం అని మాత్రం అనుకోవద్దు. ఆగిన ప్రతి ఏడూ దవడ వంకర పెరుగుతుంది.

ప్రశ్న: వయసు 21. కింది దవడ ముందుకు ఉంటుంది, దోసె కూడా ముందుపళ్ళతో కొరకలేను. ఆపరేషన్‌కు ముందని క్లిప్పులు వేశారు. 14 నెలలయింది. తగ్గకపోగా కింది పళ్ళు ఇంకా ముందుకొచ్చాయి. నన్ను మోసం చేశారా? – డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి వైద్యం దారిలోనే ఉంది. దవడలు రెండూ కలవనప్పుడు పళ్ళు తమంతట తాము సర్దుకుంటాయి. కింది పళ్ళు లోపలికి, పై పళ్ళు బయటికి వాలి, ఉన్న తేడాలో కొంత దాచేస్తాయి. ఆపరేషన్‌కు ముందు క్లిప్పులు చేసే పని ఆ వాలును తీసేసి పళ్ళను వాటి ఎముక మీద నిటారుగా నిలబెట్టడం. అప్పుడు దాగిన తేడా మొత్తం బయటపడుతుంది. 3 మిల్లీమీటర్లుగా కనిపించింది 7, 8 కావచ్చు. అంత తేడా బయటపడితేనే సర్జన్ దవడను అంత జరపగలరు. ఈ మాట మొదటి రోజే మీకు చెప్పి ఉండాల్సింది, చెప్పకపోవడం పొరపాటే.

ఒకటి మాత్రం సరిచూసుకోండి. క్లిప్పుల కోసం పళ్ళు తీశారా? తీస్తే ఎక్కడివి? మీలాంటి దవడకు ఆపరేషన్ లేకుండా నెట్టుకొచ్చే వైద్యమైతే కింది చిన్న దవడపళ్ళు తీస్తారు. ఆపరేషన్ ఉంటే, చోటు కావలసివచ్చినప్పుడు పైవి తీస్తారు. రెండు దారులూ ఎదురెదురు. కింది పళ్ళు తీసి ఇప్పుడు ఆపరేషన్ అంటుంటే, క్లిప్పుల డాక్టరూ సర్జనూ ఒకేచోట కూర్చుని మీ ఎక్స్‌రేలు చూసి మాట్లాడాలని పట్టుబట్టండి.

ఆపరేషన్ ముందు మూడు సంగతులు. పెరుగుదల ఆగిందని రుజువు కావాలి: ఆరు నెలలో ఏడాదో తేడాతో ముఖాన్ని పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలు రెండూ ఒకేలా ఉండాలి. కింది జ్ఞానదంతాలుంటే సాధారణంగా ఆరు నెలల ముందే తీయిస్తారు. ఎముక చీల్చే చోటే అవి ఉంటే చీలిక పక్కదారి పట్టవచ్చు. రక్తహీనత ఉంటే సరిచేసుకోవాలి.

గాట్లన్నీ నోటి లోపలే, ముఖం మీద మచ్చ ఉండదు. పై దవడను ముక్కు కింద అడ్డంగా కోసి ముందుకు తెస్తారు. కింది దవడను వెనక భాగంలో, చెక్కను నిలువునా చీల్చినట్టు రెండు పొరలుగా చీల్చి వెనక్కి జరుపుతారు. టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. చీము పడితే తప్ప వాటిని తీయాల్సిన పని లేదు. తేడా ఎక్కువైతే కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి నెట్టడం మంచిది కాదు. నాలుక వెనక గాలి దారి ఇరుకవుతుంది. జరపాల్సింది రెండు దవడలకూ పంచాలి.

కింది పెదవి, గడ్డం తిమ్మిరి గురించి గట్టిగా అడగండి. నరం చీలిక మధ్యలోంచే పోతుంది కాబట్టి ఆపరేషన్ తర్వాత తిమ్మిరి దాదాపు అందరికీ ఉంటుంది. చాలామందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత శాశ్వతంగా ఉండిపోతుంది. పెదవి కదలడం ఆగదు, స్పర్శే మందగిస్తుంది. వేడి కాఫీ పెదవికి తెలియక కాలుతుంది, ముందు వేలితో చూసుకుని తాగండి.

వాపు రెండు మూడు రోజులదాకా పెరిగి, తర్వాత తగ్గుతుంది. రెండు వారాలు పలుచటివే: వడకట్టిన రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ, పాలలో కలిపిన ప్రోటీన్ పొడి. గొట్టం తగిలించిన సిరంజితో బుగ్గ పక్క నుంచి పోసుకోవచ్చు. ఆరు వారాలదాకా నమలకూడదు; మెత్తగా మెదిపిన అన్నం, ఇడ్లీ చాలు. కొన్ని కిలోల బరువు తగ్గడం మామూలే. పై దవడ కోశారు కాబట్టి రెండు వారాలు ముక్కు గట్టిగా చీదవద్దు. ఇప్పుడు ఎక్కువగా రబ్బరు బ్యాండ్లే వేస్తారు. తీగతో నోరు కట్టి పంపితే మాత్రం తీగ కత్తిరించే కట్టర్ మంచం పక్కనే ఉండాలి, ఇంట్లో ఒకరికి ఏ తీగ కత్తిరించాలో చూపించి ఉండాలి. వాంతి వచ్చినప్పుడు దాన్ని వెతుక్కునే సమయం ఉండదు.

ప్రశ్న: నమిలేటప్పుడు చెవి దగ్గర టక్ టక్‌మని శబ్దం. నొప్పి లేదు. ఒకరు ఆపరేషన్ అన్నారు, ఒకరు పళ్ళు అరగదీస్తామన్నారు. – పలమనేరు

జవాబు: రెండూ వద్దు. కీలులోని బిళ్ళ కొంచెం ముందుకు జారి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ తల మీదకి ఎక్కే శబ్దం అది. నొప్పి లేకుండా, మూడు వేళ్ళు పడుతుంటే దానికి వైద్యమే అక్కర్లేదు. అరగదీసిన పన్ను మళ్ళీ రాదు. చెరకు నమలడం, శెనక్కాయల ఉండలు కొరకడం, ఒకే వైపు నమలడం తగ్గించండి.

శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయి, నోరు రెండు వేళ్ళకు మించి రాకపోతే సంతోషించవద్దు. బిళ్ళ ముందే ఇరుక్కుపోయిందన్నమాట. కొద్ది వారాల్లోపే చూపించాలి. మెత్తటి తిండి, రోజుకు రెండుసార్లు 15 నిమిషాల కాపడం, డాక్టరు రాసిన నొప్పి మందు, రాత్రిపూట పళ్ళ మీద పెట్టుకునే గట్టి ప్లేటు ముందు చూస్తారు. తగ్గకపోతే కీలును కడుగుతారు. చెవి ముందు మత్తు సూది ఇచ్చి, కీలు పై అరలోకి రెండు సూదులు పంపి, ఒకదాంట్లోంచి 100 మిల్లీలీటర్లకు పైగా సెలైన్ లాంటి ద్రవం పోస్తే రెండోదాంట్లోంచి బయటికొస్తుంది. అదే రోజు ఇంటికి పోవచ్చు. కీలును తెరిచే ఆపరేషన్ ఇవన్నీ అయ్యాకే, కొద్దిమందికే.

ప్రశ్న: మా అవ్వ ఆవులించినప్పుడల్లా దవడ జారి నోరు మూతపడదు. ఇంట్లో ఏం చేయాలి? – శ్రీకాళహస్తి

జవాబు: చెంప మీద కొట్టవద్దు. గుడ్డ అడ్డం పెట్టి, దవడను చేత్తో ఆనించి పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆలస్యమయ్యే కొద్దీ కండరాలు బిగుసుకుంటాయి. డాక్టరు బొటనవేళ్ళకు గాజుగుడ్డ చుట్టుకుని కింది వెనక పళ్ళ మీద ఉంచి ముందు కిందికి నొక్కి, ఆ తర్వాత వెనక్కి నెడతారు. కిందికి నొక్కకుండా వెనక్కి తోస్తే ఎముక దిబ్బకు తగిలి ఆగిపోతుంది. తర్వాత కొద్ది వారాలు ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించమని చెప్పండి. మాటిమాటికీ జారుతుంటే, ఆమె చేతి రక్తనాళం నుంచే రక్తం తీసి కీలులోకి ఎక్కించే సులువైన వైద్యం ఉంది. పెద్ద వయసులో ఆపరేషన్ కంటే ముందు అదే చూడాలి.

ప్రశ్న: మా బాబుకు దవడ కీలు ఆపరేషన్ అయి రెండు నెలలు. కొండకు పోయి తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నాము. ఇవ్వచ్చునా? ఆ వైపు కనుబొమ కూడా పైకి లేవడం లేదు. – చంద్రగిరి

జవాబు: గాయం పూర్తిగా మాని, పొక్కు, చీము లేకపోతే ఇవ్వవచ్చు. ఒకసారి మీ సర్జన్‌కు చూపించి బయల్దేరండి. గాటు జుట్టులోకి పోయి ఉంటుంది, చుట్టూ చర్మానికి ఇంకా స్పర్శ వచ్చి ఉండదు. కత్తి తగిలినా బాబుకు తెలియదు. కల్యాణకట్టలో కూర్చోగానే ఆ గీత ఎక్కడుందో చూపించి, అక్కడ మెల్లగా చేయమనండి. కనుబొమ నరం ఆపరేషన్‌లో సాగి ఉంటుంది. ఎక్కువమందిలో మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకుంటుంది. కన్ను పూర్తిగా మూసుకోకపోతే మాత్రం వెంటనే చెప్పండి, కంటికి చుక్కలు వేయాలి.

అలిపిరి మెట్లు ఎక్కడానికి దవడ అడ్డం రాదు. పుల్లల కట్ట మాత్రం సంచిలో పెట్టుకుని, దారిలో ఆగిన చోట ఒకసారి, పైకి చేరాక ఒకసారి చేయించండి.